మా వీధి బిడ్డల్ని చెవితో కాచిన మామ

మామ పోయిన సంగతి నాకు జమ్మలమడుగు బస్టాండులో తెలిసింది. పులివెందుల బస్సు దిగిన ఒక నూలు వ్యాపారి నన్ను గుర్తుపట్టి ఆగాడు. ప్రొద్దుటూరులో మా పాత వీధి మనిషే. "మీ ఎదురింటి మామ పోయినాడంట గదమ్మా, పోయిన ఆదివారం. కూతురింట్లోనే" అని చెప్పి, జాలిగా ఓ మాట అని వెళ్ళిపోయాడు. నేను పనిచేసే బాలవాడి పిల్లలకు కొన్న బొరుగుల సంచి చంకలో పెట్టుకుని నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పులివెందులకు పోయే బస్సు నా ముందే వచ్చింది, నా ముందే పోయింది. ఎక్కలేకపోయాను. ఎక్కి, ఆయన కూతురికి ఏ ముఖం చూపించాలి?

ఆయన నాకు చుట్టం కాదు. మేము కాపురమున్న నేతవీధిలో ఎదురింటి ముసలాయన. మా వైపు పెద్ద వయసు మగవాణ్ణి మామా అనే పిలుస్తాం. పిల్లలకు మాత్రం జేజినాయన. బతుకంతా గుంతమగ్గం మీద నేసి నేసి కండ్లకు పొరలు కమ్మాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనేది కాదు. భార్య ముందే పోయింది, ఒక్కగానొక్క కూతురిని పులివెందులకిచ్చాడు. మగ్గం దిగాక ఊరికే కూర్చోలేక వీధిలోని చంటిపిల్లల్ని కాయడం మొదలుపెట్టాడు.

మగ్గాల ఇండ్లలో పాకే బిడ్డకు ఎన్ని గండాలో ఆ ఇండ్లలో మసలినవాళ్ళకే తెలుసు. మగ్గం గుంత, రంగు కాగు, పొయ్యి మీద గంజి. రాట్నం దగ్గర నూలు కండెలు చుట్టే తల్లి చేయి పని మీదా, కన్ను బిడ్డ మీదా పెట్టాలంటే కుదిరే పని కాదు. అందుకని పొద్దున్నే బిడ్డల్ని ఆయన వసారాలో వదిలేవాళ్ళం. వసారాకు అడ్డంగా ఒక వెదురు తడిక, ఆ తడికకు ఆనించి చాపిన ఆయన కాలు. గుడ్డాయన దగ్గర బిడ్డల్ని వదులుతారా అని పక్కవీధివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. వాళ్ళ బిడ్డలు మోకాళ్ళు చెక్కుకుని ఏడుస్తుంటే మేము చూడనట్టు పోయేవాళ్ళం, అదో తృప్తి మాకు.

కిటుకంతా మువ్వల్లో ఉండేది. ఏ బిడ్డ కాలికి ఎట్లాంటి మువ్వలు ఉండాలో ఆయనే చెప్పేవాడు. ఒకడికి సన్నవి గుత్తుగా, ఒకతికి పెద్దది ఒంటిగా. బంగారు అంగళ్ళ ఊరు కాబట్టి కంసాలి ఎట్లా చెబితే అట్లా కూర్చి ఇచ్చేవాడు. ఆ సద్దును బట్టి ఎవరు యాడ ఉన్నారో కూర్చున్నచోటి నుంచే కనిపెట్టి, "ఏం రా, తడిక కాడ నీకేం పని?" అనేవాడు. ఆ మాటతో పోకిరి పిల్లవాడు కూడా వెనక్కి మళ్ళేవాడు.

ఆయనవి రెండు మాటలు వీధిలో ఆడవాళ్ళందరికీ వచ్చు. "బిడ్డను మాటతో ఇడిసిపోవద్దు, చేతికియ్యల్ల" అనేది ఒకటి. "ఏడ్సేటోడితో బయం ల్యా. సద్దు ల్యాకుండా ఉండేటోడినే చూసుకోవల్ల" అనేది రెండోది. సాయంత్రం తీసుకుపోయేటప్పుడు కూడా అంతే, వచ్చినవాళ్ళ చేయి తడిమి చూసిగాని బిడ్డను ఇచ్చేవాడు కాదు. ఒకసారి దువ్వూరు నుంచి మా తమ్ముడు వచ్చి మేనల్లుణ్ణి ఎత్తుకుందామని చేయి చాపితే, ఈ చేయి నాకు తెలీదు పొమ్మన్నాడట. నేను వచ్చేదాకా తమ్ముడు ఎండలో నిలబడ్డాడు. మీ వీధిలో నన్ను దొంగను చేశారని ఇప్పటికీ దెప్పుతాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. మా పెద్దవాడికి మూడో ఏడు. వాడి కాళ్ళకు మువ్వల గొలుసులు బిగుతై చర్మం ఒరుసుకుపోతుంటే, తీసి సాగదీయడానికి కంసాలికి ఇచ్చాను. మరునాడు పొద్దున మాకు పడుగుకు గంజి పెట్టే పని. వీధి పొడవునా పడుగు నూలు సాచి, ఎండ ముదరకముందే గంజి పట్టించి కుంచెతో దువ్వాలి. ఆ తొందరలో పిల్లవాణ్ణి తడిక మీదుగా అవతలికి దించి, "మామా, పిల్లోడొచ్చినాడు" అని వీధిలోంచే కేకేసి పరుగెత్తాను. చేతికివ్వలేదు. మువ్వలు లేవని చెప్పలేదు.

ఆయన చెవికి మా వాడి సద్దు తగల్లేదు. పిల్లవాడు నిద్రపోతున్నాడనుకున్నాడు. వాడు తడిక కింద సందులోంచి దూరి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడే పొయ్యి మీది నుంచి దించిన గంజి కాగు వీధి వారన ఉంది. నేను కుంచె పట్టుకుని అటు తిరిగి ఉన్నాను. వాడు అరిచిన అరుపుకే ఇటు తిరిగాను.

ఆసుపత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మాత్రం కాలి అతుక్కుపోయాయి. ఆ సాయంత్రం మామ గోడలు తడుముకుంటూ మా ఇంటికి వచ్చాడు. చుట్టూ జనం ఉన్నారు. అందరూ వినేటట్టే చెప్పాను: "మువ్వలు తీసింది నేను మామా. నీకు చెప్పకుండా పోయింది నేను. తప్పు నాది."

"మువ్వలు నీవి కోడలా. బిడ్డ నా కాడ ఉండె" అన్నాడు. "సద్దు ల్యాకపోతే లేసి చూడల్ల అని మీకందరికీ చెప్పేటోన్ని నేను. నేనే లేసి చూడల్యా. తడిమి చూసేదానికి నాకు చేతులు ల్యావా?"

నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. తల్లి తప్పు చేసిందనడానికి ఎవరికీ నోరు రాలేదు, నా వీపు నిమిరి ఓదార్చారు. చూపు లేనివాణ్ణి అనడం సులువు కదా, ఆయన అటు పోగానే ఆయన్నే అన్నారు. నేను ఇంకోసారి గట్టిగా చెప్పాను, పోట్లాడాను కూడా. కానీ లోపల ఒక మూల, వాళ్ళు నన్ను అనలేదని నాకు ఊరటగా ఉండింది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

మరునాడే ఆయన తడిక తీసేశాడు. తల్లులు పోయి బతిమాలారు, వినలేదు. బిడ్డల్ని కాచినన్నాళ్ళూ వంతులవారీగా మా ఇండ్ల నుంచి సంగటి, ఊరుబిండి ఆయనకు పోయేవి. ఇప్పుడు అవీ ముట్టనన్నాడు. "పనిల్యాని కూడు నాకేల" అని గిన్నె తిప్పి పంపాడు. తన చేత్తో ఉడకేసుకున్నదేదో తిని ఒకటిన్నర ఏడాది నెట్టుకొచ్చాడు. బిడ్డల సద్దు లేని వసారాలో ఆ మనిషి కూర్చున్న తీరు ఎదురింట్లోంచి రోజూ చూశాను నేను. చివరికి కబురు తెలిసి కూతురు వచ్చింది, పులివెందులకు తీసుకుపోతానని.

మేము జమ్మలమడుగు చేరాక బాలవాడిలో పని దొరికింది. పొద్దున తల్లులు పిల్లల్ని గుమ్మంలో వదిలి పోబోతే నేను పోనివ్వను. చేతికిచ్చి పొమ్మంటాను. ఈమెకు చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. నిద్రపోయే పిల్లల్ని కూడా మాటిమాటికీ పోయి ముట్టుకుంటాను, వాళ్ళు విసుక్కుంటారు. ఇదంతా ఆయన పెట్టిన భిక్షే. కానీ దాని కోసం ఆయన ఇల్లూ వీధీ పోగొట్టుకోవలసి వచ్చింది. కృతజ్ఞత చెప్పుకోవాలన్నా ముందు అదే గుర్తొస్తుంది.

ఆ రోజుల్లో, మామ రేపు కూతురితో పులివెందుల బస్సెక్కుతాడనగా, అప్పటికి ఏడాది నిండిన నా రెండో బిడ్డను ఎత్తుకుపోయి ఆయన ఒడిలో పెట్టాను. "ఈ బిడ్డను నువ్వే కాయల్ల మామా. పోవాకు" అన్నాను. ఆయన బిడ్డను దగ్గరికి తీసుకున్నాడు. నేను ఇంటికొచ్చి రాట్నం ముందు కూర్చున్నానేగాని ఒక్క కండె చుట్టలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

ఆ పగలంతా ఆయన బిడ్డను చేయి దాటి పోనివ్వలేదు. మొలతాడు పిడికిట పట్టుకుని కూర్చున్నాడు. అది దిగాలని మారాం చేస్తే తనూ లేచి, ఆ పట్టు వదలకుండానే దాని వెంట వంగి నడిచాడు. పొద్దుగూకుతుండగా నేను పోయాను. నా చేయి తడిమి చూసి, బిడ్డ రెండు చేతుల వేళ్ళూ చివరలదాకా నిమిరి, "బాగుండాది, యాడా దెబ్బ తగల్యా. తీసుకో కోడలా. ఇంక నా చేత కాదు" అన్నాడు.

బిడ్డను ఎత్తుకోబోయాను. రాలేదు. మొలతాడు ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది.

"ఇడువు మామా" అన్నాను.

"ఇడుస్తాండా తల్లీ. వేళ్ళు రావడం ల్యా" అన్నాడు.

నేను కింద కూర్చుని, బిగుసుకుపోయిన ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, నా బిడ్డను తీసుకున్నాను.