పసుపు పాలు కారే మొక్క

తొర్రూరు బస్టాండు వెనక మూలికల దుకాణం నడిపే రబియా బీకి మనుషులంటే పెద్ద గౌరవం లేదు. మరిది జమీల్ అంటే అసలే లేదు. సెల్‌ఫోన్ ముందు గడ్డం దువ్వుకుంటూ వైద్యం చెప్పేవాణ్ణి హకీం అనడానికి ఆమెకు నోరు రాదు.

నిద్ర పట్టనివాళ్లకు తలకు రాసుకొమ్మని ఆమె తండ్రి కాహు గింజల నూనె ఇచ్చేవాడు. హోటళ్లలో పచ్చిగా తినే లెట్యూస్ ఆకుకు అడవి కాహు చుట్టం. కాడ విరిస్తే తెల్లటి పాలు, ఆకు వెనక నడి ఈనె మీద ముళ్ల వరస, గోరంత పసుపుపచ్చ పువ్వు. ఈ మూడు గుర్తులూ జమీల్ బుర్రకు ఎక్కలేదు.

ఎండలు ముదిరే ముందు అతను బస్తాడు ముళ్ల కాయలు, మొక్కలతో సహా కోసుకొచ్చాడు. రబియా ఒక కాడ విరిచింది. పసుపు పాలు కారాయి.

"గిది కాహు కాదు, బలురక్కసి. దీని గింజల నూనె తాగితే ఒళ్లు ఉబ్బుతది."

"ముళ్లున్నయ్, పాలున్నయ్, పువ్వు పచ్చగుంది. ఇంకేం గావాలె భాభీ?" అన్నాడు.

గాడిదతో వాదనేంటని ఆమె ఊరుకుంది. ఫోన్ చూసి మందు కొనేవాళ్ల మీదా ఆమెకు అంతే చులకన.

కొన్నాళ్లకు కొత్తగూడ దగ్గరి తండా నుంచి రాజీ తన మొగుడు టీక్యాను పట్టుకుని దుకాణానికి వచ్చింది. అతని కాళ్లు బూరెల్లా ఉబ్బాయి, ఊపిరి అందడం లేదు. ఆమె అడిగింది మాత్రం జమీల్ అమ్మిన నిద్ర నూనె ఇంకో సీసా.

"వాపు వస్తే లోపలి ఇసం పోతున్నట్టేనని ఫోన్ల జమీల్ సాబ్ చెప్పిండమ్మా. రోజూ చెంచెడు తాపిన."

తలకు రాసే నూనె పేరుతో విషం తాగించాడన్నమాట. రబియాకు రాజీ మీద కోపం రాలేదు. నోరు మూసుకు కూర్చున్న తన మీదే అసహ్యం వేసింది. దుకాణం మూసి, ఇద్దరినీ ఆటో ఎక్కించి, రాజీ తెచ్చిన పాత సీసాతో సహా మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. మొక్క పేరు డాక్టరుకు చెప్పింది. అమ్మింది తన మరిదేనని కూడా దాచలేదు. టీక్యా తేరుకున్నాడు గానీ, వాపు దిగడానికి చాలా రోజులు పట్టింది.

డాక్టరు కబురు చేస్తే పోలీసులు వచ్చేసరికి జమీల్ ఊళ్లో లేడు. కాళేశ్వరంలో యాత్రికులకు మోకాళ్ల చూర్ణం అమ్ముతున్నాడని ఎవరో వచ్చి చెప్పారు.

"అండ్ల ఏం కలుపుతుండో వానికే తెల్వది. కొనేటోళ్లకు అడగాలని తెల్వది," అని రబియా చెప్పులు వేసుకుని పోలీస్ స్టేషన్ వైపు నడిచింది.