తస్లీమా చూసిన చుక్క

ప్రొద్దుటూరులో వంటపాత్రలకు కళాయి పూసే నూరుల్లా కూతురు తస్లీమా గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. డిగ్రీ, ఆపైన ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, ఊళ్లో కొత్తగా తెరిచిన మూలకణాల క్లినిక్‌లో పనికి కుదిరింది. మూలకణాలకు క్యాన్సర్ కంతిని వెతుక్కుంటూ పోయే గుణం ఉందనీ, వాటికి మందు ఎత్తి పంపితే ఒళ్లంతా గుల్ల చేయకుండా కంతి దగ్గరే దించే వీలుందనీ కాలేజీలో చదివింది. అదింకా పరిశోధనలోనే ఉందని కూడా చదివింది. క్లినిక్ నడిపేది పెద్ద డాక్టరు కదా, అనుమతులు తెచ్చుకునే ఉంటాడులే అనుకుంది.

మూలకణాల సూదికి కలమల్ల నుంచి వెంకటయ్య వచ్చేవాడు. థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. మెదడులో కంతికి ఆపరేషన్ అయి, తిరుపతిలో రేడియేషన్ సగంలో ఉండగా ఈ క్లినిక్ డాక్టరు మాన్పించాడు. "ఆ కరెంటు పెడితే మా కణాలు చచ్చిపోతాయి" అన్నాడు.

ఆరో సూది నాటికి వెంకటయ్య కుడిచేయి లేవడం లేదు.

"పాపా, మీ కణాలు దోవ తప్పినట్టుండాయే" అని నవ్వబోయాడు. మూతి ఒక పక్కకే కదిలింది.

ఆ నవ్వు చూసి తస్లీమా నిలవలేకపోయింది. డాక్టరు భోజనానికి పోగానే, సీసాలో మిగిలిన మందు ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో పెట్టింది. ఏమీ లేదు. రంగు కలిపి మరో చుక్క చూసింది. ఉత్త నీళ్లు. టిఫిన్ డబ్బాల పక్కన ఫ్రిజ్‌లో వారాల తరబడి పెడితే ఏ కణం బతుకుతుంది? ఇన్నాళ్లూ ఆ మాట తట్టనందుకు మొదట తన మీదే ఒళ్లు మండింది.

డాక్టరు రాగానే అడిగేసింది. "దీంట్లో ఒక్క కణం గూడా లేదు. ఏంది సార్, మీరు పొడుస్తాండేది?"

ఆయన తాపీగా తలుపు మూశాడు. "సెలైన్‌తో ఎవరూ చావరమ్మా. వాళ్లకు కావలసింది ఆశ."

"సెలైన్‌తో సావరు. కరెంటు మాన్పిస్తే సస్తారు!"

తలుపు తోసుకుని హాల్లోకి వచ్చి, కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా చెప్పింది. తొండూరు నుంచి వచ్చిన ఒకాయన ఆమె మీదికే లేచాడు. "కక్షతో చెప్తాండావా? మా ఆశ ఎందుకు తీస్తావ్?"

"రాండి, మీరే సూడండి."

వెంకటయ్య భార్య సుందరి ముందు వచ్చి కన్ను ఆనించింది. "ఏమీ కనపడ్లేదే."

తస్లీమా తన వేలే పొడుచుకుని, నెత్తురు చుక్క మరో పలక మీద పరిచి చూపింది. "ఇవి నా నెత్తుటి కణాలక్కా. కణాలంటే ఇట్లా కనపడాల."

సుందరి కాలి చెప్పు తీసి డాక్టరు గది వైపు నడిచింది. ఆయన అప్పటికే వెనక తలుపున జారుకున్నాడు.

తిరుపతిలో మళ్లీ చూసి, కంతి బాగా పెరిగిందన్నారు. వెంకటయ్య మరో నాలుగు నెలలు బతికాడు. పోయేలోపు ఫిర్యాదు కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేశాడు.

విచారణలో అధికారి అడిగాడు. "సీసా ముట్టుకోవడానికి నీకు అనుమతి ఉందా?"

"నాకు లేదు సార్. మనుషుల్ని పొడవడానికి ఆయనకు ఎవరిచ్చినారు?"

అధికారి తల వంచుకుని రాసుకున్నాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. జమ్మలమడుగులో చిన్న ల్యాబులో పని చేసుకుంటున్న తస్లీమా, ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి సుందరితో కలిసి బస్సెక్కుతుంది.