కిలోకు ఏడుగురు

మా చర్చి సంఘంలో ప్రేమ విందుకు బియ్యం లెక్క నాదే. గుంటూరు వైపు నుంచి పెళ్లయి సికింద్రాబాద్ వచ్చిన మూడో ఏట అది నా చేతికొచ్చింది. ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ బంతుల్లో కూర్చొని తినే భోజనాలు ఏడాదికి ఐదారు వస్తాయి. ఎన్ని కిలోల బియ్యం, ఎంత మాంసం, ఎన్ని ఉల్లిపాయలు అన్నది ఒక కాగితం మీద రాసి వంట మేస్త్రీకి ఇస్తాను. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. మారేడ్‌పల్లిలో ఒక బడి ఆఫీసులో హాజరు పట్టీలు చూసే ఉద్యోగం నాది. లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కంటికి కనిపించినవన్నీ కూడుకుంటూ, భాగించుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను.

కిలో బియ్యానికి ఏడుగురు. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ చూడలేదు. మొదటి రెండేళ్లు వడ్డన పక్కన నిలబడి, ఎవరి పళ్లెంలో ఎన్ని గరిటెలు పడుతున్నాయో చూసి తేల్చుకున్నాను. ఇద్దరు పిల్లలు కలిస్తే ఒక పెద్ద. ప్రసంగం పన్నెండున్నర దాటితే రెండు కిలోలు అదనం. వాన పడితే మూడు కిలోలు తగ్గింపు, దూరంవాళ్లు రారు కాబట్టి. ఇవన్నీ అయ్యాక చివరి కొలత ఒకటుంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. కాగితం మేస్త్రీ చేతిలో పెట్టేముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకొని, ఆ రోజున, ఆ వేళకు, ఆ కూరతో నేనెంత తింటానో ఊహించుకునేదాన్ని. నేను తిండిపోతునూ కాను, పిట్టలా కొరికేదాన్నీ కాను, సరిగ్గా మధ్యరకం. నా కడుపు చెప్పినదాన్ని బట్టి అంకెను అటో ఇటో నాలుగైదు కిలోలు జరిపేదాన్ని. పద్దెనిమిదేళ్లు అది తప్పలేదు.

తప్పిన ఏడాది సంగతి చెబుతాను. అప్పటికి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చి రెండు మూడేళ్లయింది. నేను అందులోనే సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకునేదాన్ని. ఆ వానాకాలంలో దర్జీ నా జాకెట్ గుడ్డను టేపుతో రెండుసార్లు కొలిచి పెదవి విరిచాడు.

"అమ్మా, ఎనభై సెంటీమీటర్ల ముక్క ఇగ సరిపోదు. చేతులకు జాయింట్ వెయ్యాలె. ఇప్పటిసంది మీటర్ తెచ్చుకోండ్రి."

మాటలైతే మర్చిపోయేదాన్ని. అతను చెప్పింది అంకె. మరుసటి సోమవారం స్టేషన్‌లో రంగురంగుల దీపాలు తిరిగే బరువు యంత్రం ఎక్కాను. అట్టముక్క బయటపడింది. ఒక పక్క డెబ్బై ఎనిమిది, రెండో పక్క 'మీ కీర్తి నలుదిశలా వ్యాపిస్తుంది' అని జోస్యం.

అలా మొదలైంది నా ఆరో డైట్. అంతకుముందు ఐదు చేశాను. పెళ్లినాటికి నా బరువు అరవై అయిదు. ఆ ఐదింటిలోనూ దించిన కిలోలన్నీ కలిపితే ముప్పై ఒకటి. తిరిగి ఎక్కినవి కలిపితే నలభై నాలుగు. ఇంత లెక్క తెలిసినదాన్ని, ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి ఒక్కసారైనా చూడలేదు. ప్రతిసారీ లోపం నాదేననుకున్నాను, పద్ధతిదని అనుకోలేదు.

ఒక వారపత్రికలో వచ్చిన పట్టిక కత్తిరించి నోటుపుస్తకంలో అంటించాను. పొద్దున ఏడున్నరకు రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒంటి గంటకు ఒక కప్పు అన్నం, సాయంత్రం ఏడింటికి ఒకటిన్నర పుల్కా. మిగతా వేళల్లో ఆకలనిపిస్తే మంచినీళ్లు. ఏం తిన్నా రాసుకునేదాన్ని. ఎదుటివాళ్ల పళ్లెం కూడా తెలియకుండానే లెక్కపెట్టేదాన్ని. మా ఆయన ఒకరోజు గరిటె కింద పెట్టేశారు.

"నీ ఎదురుగా తింటుంటే ఇన్విజిలేటర్ ముందు పరీక్ష రాస్తున్నట్టుందే. కాపీ కొట్టకపోయినా భయమేస్తోంది."

"మీరు మూడోసారి పెట్టుకుంటున్నారండీ."

"చూశావా, పట్టుకున్నావు!"

నవ్వాను గానీ నా కంటికి అది నిజంగానే ఎక్కువగా కనిపించింది. మూడు నెలలకు అందరి అన్నమూ ఎక్కువగా కనిపించడం మొదలైంది.

ఆ సమయంలోనే పంటకు కృతజ్ఞత చెప్పే కోత పండుగ వచ్చింది. నాలుగు వందల ఇరవై మంది. పాత లెక్కన అరవై కిలోలు. నేను కళ్లు మూసుకొని నా కడుపును అడిగాను. అది చెప్పింది ఒక కప్పు. నలభై రెండు అని రాశాను. మేస్త్రీ బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు తీసుకొని వస్తూ మా ఇంటి దగ్గర ఆటో ఆపించి కాగితం చూశాడు.

"ఏందక్కా, నలభై రెండేనా? బగారన్నం, మటన్ పెట్టుకొని?"

"చాలు మేస్త్రీ. కిలోకు పదిమంది. మనవాళ్లు అవసరానికి మించి తింటున్నారు."

"తిననీకే గద వస్తరు?"

"ప్రార్థనకు వస్తారు."

"గది సరే. ప్రార్థన అయినంక?"

"రాసినంతే వండు."

"నీ ఇష్టం. ఇన్నేండ్లల్ల నీ చిట్టీ ఎన్నడు తప్పలే. నడుమ నేనెవన్ని?"

బంతికి డెబ్బై మంది, మొత్తం ఆరు బంతులు. పిల్లలు, ముసలివాళ్లు ముందు కూర్చుంటారు, తర్వాత అతిథులు, తర్వాత కుటుంబాలు. తెల్లవారినప్పటి నుంచి కోసినవాళ్లు, కడిగినవాళ్లు, వడ్డించినవాళ్లు చివరి బంతి. మా సంఘంలో అది ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి. నేనూ ఎప్పుడూ అందులోనే కూర్చుంటాను. నాలుగో బంతి సగంలో గరిటె గిన్నె అడుగుకు తగిలిన చప్పుడు వినిపించింది. ఐదో బంతికి వడ్డించేవాళ్లు నావైపు చూస్తూ సగం సగం గరిటెలు వేశారు. మారు అడిగిన ఒకాయనకు కూర మాత్రం వేసి దాటిపోయారు. ఆరో బంతికి గిన్నెలో మాడు మిగిలింది.

అందరిలోకీ ముందుగా మేస్త్రీ కదిలాడు. "పొయ్యి ఇంకా మండుతనే ఉన్నది. బియ్యమెక్కడున్నయో చెప్పుండ్రి."

బియ్యం బలిపీఠం ముందు ఉన్నాయి. కోత పండుగకు గుమ్మడికాయలు, అరటి గెలలతో పాటు ఎవరో కృతజ్ఞతగా తెచ్చి అర్పించిన బస్తా. అందరం పాస్టరు అయ్యగారి వైపు చూశాం. ఆయన ఆరాధన అంగీ కూడా విప్పకుండా వెళ్లి బస్తాకు ఒక చెయ్యి వేశారు.

"దేవుడి ముందు పెట్టింది ఆయన బిడ్డలు తింటే తప్పేముంది? పట్టండి."

ఆ అన్నం ఉడికేవరకు చివరి బంతి ఖాళీ పళ్లేల ముందు ముప్పావుగంట కూర్చుంది. నా పక్కన ఉన్న ముసలామె ఆరింటినుంచి ఉల్లిపాయలు కోసింది. ఆమె కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను మొహం ఎత్తలేకపోయాను. ఆమె మాత్రం మామూలుగా అంది.

"ఆకలైతుంది బిడ్డా."

"ఇంకో పావుగంటమ్మా." ఈసారైనా లెక్క తప్పకూడదని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. "ఎన్ని గరిటెలు తింటారు?"

"గిదేం ముచ్చట! తిన్నంక సాలంట. ముందుగాల్నే నాకేమెర్క?" అటు పక్కావిడను మోచేత్తో పొడిచింది. "అన్నానికి సుత టోకెన్లు ఇస్తరట ఇగ."

బంతి అంతా నవ్వింది. అప్పుడు నన్ను నేను అడుగుదామనుకున్నాను. నాకు ఆకలిగా ఉందా? జవాబు కోసం నేను చేతి గడియారం చూసుకున్నాను. రెండూ యాభై. పట్టికలో ఆ వేళకు ఏమీ లేదు. కనుక ఆకలి లేదు అనుకున్నాను. కానీ పొద్దున రెండు ఇడ్లీల తర్వాత నేనేమీ తినలేదు. కడుపు వైపు మనసు పెట్టి చాలాసేపు వెతికాను. అక్కడ ఏమీ తెలియలేదు. నిజంగా భయం వేసింది అప్పుడే. పద్దెనిమిదేళ్లు నాలుగు వందల మందికి అన్నం కొలిచిన పడికట్టు రాయిని మూడు నెలల్లో అరగదీసుకున్నాను.

తర్వాతి ఆదివారం కమిటీ కూర్చుంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన సంఘ పెద్ద చాలా మర్యాదగా మొదలుపెట్టారు. "సిస్టర్, మీరు అలిసిపోయారు. క్రిస్మస్ లెక్క వేరేవాళ్లు చూస్తారు లెండి."

"అలిసిపోలేదండీ, తప్పు రాశాను. క్రిస్మస్‌కు నేనే రాస్తాను. మళ్లీ తప్పితే ఇక కాగితం ముట్టను."

ఆరు వారాల గడువు. ఇంటికి వచ్చాక మా ఆయన అన్నారు, "ఏడుతో భాగిస్తే వచ్చేస్తుందిగా. దీనికి నీ కడుపుతో పనేముంది?"

ఆయన మాట సబబే. కానీ ఏడుతో భాగించడం నాకు మొన్నా వచ్చు. వచ్చినా పదితో భాగించాను. అన్నం ఎక్కువని కనిపించే కళ్లతో ఏ లెక్క చేసినా మళ్లీ అక్కడికే వస్తాను. ఆ సాయంత్రం పాత ఐదు డైట్ల పుస్తకాలూ తీసి, ముప్పై ఒకటినీ నలభై నాలుగునూ మొదటిసారి పక్కపక్కన రాసుకున్నాను. ఏడో డైట్ ఉండదని నిర్ణయించుకున్నాను. ఆ మాట నాతో నేనే పైకి అన్నాను కూడా.

డైట్ మానడం కూడా చేసినంత కష్టమే. మొదటి వారం నేను తిన్నది చెప్పుకుంటే సిగ్గు. ఆవకాయ, నెయ్యి, వేడన్నం. నాలుగు రోజులు మూడు పూటలా అదే. కడుపు బిగిసినా చేయి ఆగలేదు, రేపు ఎవరో లాక్కుంటారన్నట్టు. ఐదో రోజు, ఇక ఎవరూ లాక్కోరని చేతికే తెలిసిందేమో, అన్నం కొంచెం మిగిలింది. స్టేషన్‌లో బరువు యంత్రం దీపాలు పిలుస్తూనే ఉండేవి. రైలు మొదటి పెట్టె ఎక్కడం మాని చివరి పెట్టె ఎక్కాను. దిగాక అది నా దారిలో తగలదు.

మూడో వారంలో ఒకరోజు బడి ఆఫీసులో పదకొండు గంటలకు పక్కటెముకల కింద సన్నని మంట, దానితో పాటు నోట్లో పెసరట్టు ధ్యాస. కాసేపు అదేమిటో అర్థం కాలేదు. తర్వాత, చాలాకాలానికి కనబడిన మనిషిని పోల్చుకున్నట్టు పోల్చుకున్నాను. డబ్బా తీసి అప్పుడే తిన్నాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి తల తిప్పింది.

"మేడం, పదకొండింటికే లంచ్ షురూ చేసిండ్రా? డైట్ బంద్ అయిందా? మంచిగ తగ్గుతుండ్రి కదా!"

"బంద్ చేశాను. మళ్లీ షురూ చేసేది లేదు."

"మరి లావైతే ఎట్ల?"

"అయితే అవుతాను. నువ్వు గుర్తుపడతావుగా, అది చాలు."

నాలుగింటికి వచ్చేది ఆకలి కాదని, హాజరు పట్టీల మీద విసుగని కూడా ఆ వారాల్లోనే తెలిసింది. అప్పుడు లేచి మెట్లు దిగి ఎండలో నిలబడేదాన్ని. మోకాళ్ల కోసం రెండు స్టాపులు నడవడం మొదలుపెట్టాను. తిన్న అన్నానికి శిక్షగా కాదు, మోకాళ్ల కోసమే. మీటరు గుడ్డ కొని దర్జీ ముందు పరిచి, చేతులు వదులుగా కుట్టమన్నాను. ఆ జాకెట్‌లో చేయి ఎత్తి రైల్లో కడ్డీ పట్టుకున్నప్పుడు ఎక్కడా బిగుసుకోలేదు. నా చేతుల గురించి ఏళ్ల తర్వాత కలిగిన మొదటి మంచి ఆలోచన అది. నా బరువు ఇప్పుడెంతో నాకు తెలియదు. అంకె తెలియకుండా ఉన్న విషయం నా జీవితంలో అదొక్కటే.

క్రిస్మస్‌కు అయిదు వందల మంది. ఏడుతో భాగిస్తే డెబ్బై ఒకటిన్నర. కాగితం ముందు కళ్లు మూసుకున్నాను. చలికాలం, పొద్దున్నే లేచి తయారవడం, పెద్ద ఆరాధన, పక్కనే ఉడుకుతున్న మటన్. ఈసారి కడుపు స్పష్టంగా జవాబు చెప్పింది, మారు అడుగుతానంది. డెబ్బై ఆరు రాశాను.

"పక్కానా అక్కా?" అన్నాడు మేస్త్రీ. "మొన్నటి లెక్క గిట్ల రాస్తె నన్ను గిన్నెల ఏసి ఉడకబెడ్తరు."

"పక్కా."

చివరి బంతికి వేడిగా వడ్డించారు. మారు అడిగినవాళ్లందరికీ మారు వచ్చింది. గిన్నెలో ఒక బకెట్టుకు సరిపడా మిగిలితే వాచ్‌మన్ ఇంటికి పంపాం. సంఘ పెద్ద చేతులు తుడుచుకుంటూ నా దగ్గర ఆగారు. కోత పండుగ ఊసెత్తలేదు. "ఈస్టర్‌కు కాగితం కాస్త ముందే ఇవ్వండి సిస్టర్, మటన్ చెప్పాలి" అని వెళ్లిపోయారు.

భోజనమయ్యాక ఎవరో ప్లమ్ కేక్ ముక్క చేతిలో పెట్టారు. డైట్ రోజుల్లో కేక్‌కు రెండే దారులు, ముట్టకపోవడం లేదా ఎలాగూ చెడ్డానుగా అని నాలుగు ముక్కలు తినడం. సగం తిన్నాను. బాగుంది, కానీ కడుపు నిండిపోయింది. మిగతా సగం కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను. రెండు రోజుల తర్వాత సాయంత్రం టీతో తిన్నాను.