మైదాకు కంచె

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అందరి దగ్గరా అనేది. నిజమే. కానీ ఈ ఒక్క మాట ఇన్నేళ్లుగా నానుతూనే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. ఒక మనిషి పేరు పలికి, ఆ తర్వాత చెప్పాల్సింది మింగేశాను. నేను చేసింది అంతే. ఆ మింగిన మాట మాత్రం ఇంతవరకూ అరగలేదు.

పెళ్లయిన కొత్తలో గుంటూరు నుంచి అమీర్‌పేటకు వచ్చాం. మా ఆయన మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చెప్పేవారు. పొద్దున వెళితే మళ్లీ రాత్రి అన్నం వేళకే. అప్పట్లో ఊరు ఊరంతా జావా నేర్చుకుంటోంది, నాతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. మేం కింది వాటాలో, ఇంటి ఓనరు మల్లేశం గారి కుటుంబం పైన. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు గోడ పోయిందట. ఎదురుగా కుర్రాళ్ల హాస్టలు. వాకిట్లో ముగ్గు వేయాలన్నా బిడియంగా ఉండేది. గోడ బదులు కంచె మొక్కలు పెట్టుకుంటానంటే మల్లేశం గారు సంతోషంగా సరేనన్నారు.

మొక్కలిచ్చింది యాదక్క. మల్లేశం గారి అక్క. మనసు కుదురుగా ఉండేది కాదు. తనలో తాను మాట్లాడుకునేది. ఒక్కోసారి రోడ్డు పట్టుకుని పంజగుట్ట దాకా వెళ్లిపోతే వెతికి తెచ్చుకునేవారు. ఇంకొక్కసారి ఏమన్నా చేస్తే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో చేర్పిస్తానని మల్లేశం గారు నా ముందే చాలాసార్లు అన్నారు. కాబట్టి తెలియక చేశానని నేను చెప్పుకోలేను.

పెరట్లో ఉన్న గోరింట చెట్టు కొమ్మలు విరిచి తెచ్చి "మైదాకు" అంది యాదక్క. కాదు, గోరింటాకు అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. నాటడం రాక సగం కొమ్మలు తలకిందులుగా గుచ్చాను. ఆమె ఒక్కొక్కటీ పీకి, తిప్పి పెట్టింది. ఆ ఏడాది నాతో రోజూ మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. అందరూ పిచ్చిదన్నారు. నాకు స్నేహితురాలు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

కంచె నడుమెత్తు పెరిగింది. మల్లేశం గారు ఇంటికొచ్చిన వాళ్లకల్లా చూపించి మురిసిపోయేవారు. పైన ఆకులే కానీ కింద ఉత్త పుల్లలు. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు ఎగిరొచ్చి వాటిలో చిక్కుకునేవి. సందుల్లోంచి హాస్టలు కనిపిస్తూనే ఉండేది. ఏం చేయాలని యాదక్కను అడిగాను.

"మైదాకు మొదట్లనే కొయ్యాలె పిల్లా. గప్పుడే గుబురైతది," అంది.

మొదట్ల అంటే లేతగా ఉన్న తొలి రోజుల్లో కొసలు తుంచాలని ఆమె భావం. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నేను మాత్రం చెట్టు మొదలు దగ్గర అనుకున్నాను. కొడవలి తీసుకుని, నడి వేసవిలో, కంచె మొత్తం మొదలంటా నరికేశాను.

మల్లేశం గారు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి మోళ్లు మిగిలాయి. యాదక్క వాటి పక్కన కూర్చుని, నరికిన కొమ్మలు ఒళ్లో వేసుకుని ఆకు దూస్తోంది.

"ఎవరు కోసిండ్రు గిది?"

"యాదక్క..." అన్నాను.

యాదక్క చెప్పింది, నేను కోశాను అనబోయాను. ఆయన ఆగలేదు. "ఇగ నాతోని కాదు. రేపే ఎర్రగడ్డకు తోల్కపోత," అంటూ మెట్లెక్కిపోయారు. యాదక్క నావైపు చూసింది. కాదనలేదు. నేను మాట పూర్తి చేస్తానని చూసిందా? అసలు విన్నదా?

పూర్తి చేయడానికి నాకు ఆ సాయంత్రమంతా ఉంది. ఆ మెట్లు ఎక్కితే చాలు. ఎందుకు ఎక్కలేదు? ఇల్లు ఖాళీ చేయమంటారని భయమా? మా ఆయన తిడతారనా? ఆమెకెలాగూ బాగాలేదు కదా, అక్కడ నయమవుతుందేమో, నా వల్ల మేలే జరుగుతుందేమో అని కూడా అనుకున్నాను. అలా నమ్మడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. మౌనం అర్ధాంగీకారమంటారు. నాది నిండు అబద్ధం. అసలు నేను కోశానని మొదలుపెట్టొచ్చుగా? ఆమె పేరే ముందెందుకు వచ్చింది?

మర్నాడు ఆటో వచ్చింది. యాదక్క కొంగున ఆకు మూటతో ఎక్కి కూర్చుంది. "మోళ్లకు జర నీళ్లు పొయ్యి పిల్లా," అంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

పోశాను. తొలకరికి మోళ్లన్నీ చిగురించి నేల నుంచే గుబురుగా లేచాయి. హాస్టలు కనబడలేదు. ఎవరూ కనబడలేదు. ఆషాఢంలో వీధిలో ఆడవాళ్లంతా వచ్చి ఆకు కోసుకుపోయి, ఎర్రగా పండిన చేతులు తెచ్చి నాకు చూపించారు. మల్లేశం గారు కంచె ముందు నిలబడి "మంచిగొచ్చిందమ్మా," అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. తలూపాను. కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లేదాన్ని. ఆసుపత్రి అక్కడికి దగ్గరే. సంచి నింపుకుని బస్సెక్కేసేదాన్ని. మరుసటి ఏడాది ఇల్లు మారే నాటికి కూడా ఆమె తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏమైందో నేను కనుక్కోలేదు.

గోరింటాకు పెట్టుకోవడం మానేశాను. ఎవరైనా అడిగితే ఒంటికి పడదని చెబుతాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ మధ్యాహ్నం అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పనివ్వండి.

నేను కోశాను మల్లేశం గారూ. యాదక్క కాదు.