అప్పజెప్పిన మాట

మా చెల్లెలికి ఒకాయన చదవమని ఎవరో రాసిన నవల ఇచ్చాడని తెలిసినప్పుడు నాకు ముందు అనుమానం వచ్చింది నవల మీద కాదు, ఆయన మీద.

చెల్లెలు క్యాంపస్‌లో పిహెచ్‌డి చేస్తూ తార్నాకలో నా దగ్గరే ఉంటుంది. ఆయన అదే క్యాంపస్‌లో పాఠాలు చెబుతాడు. భార్య చనిపోయింది. రెండో తరగతి చదివే కూతురితో, తల్లితో వారాసిగూడలో ఉంటాడు. ఈ మధ్యే మా చర్చి సంఘానికి రావడం మొదలుపెట్టాడు. పెళ్లి చేసుకుందామా అని అడిగాడు, చెల్లెలు ఆలోచించి చెబుతానంది. అంతలోనే ఈ నవల. అందులోనూ భార్య పోయిన తండ్రి, చిన్న కూతురు, వాళ్ల మధ్యకు వచ్చే ఒక టీచరు.

"నువ్వు చదివి చెప్పక్కా," అంది. "నాకైతే మంచిగనే అనిపిస్తున్నది. గదే భయం."

బైబిల్ వాక్యం చదివే అలవాటుతోనే చదివాను. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, దానికి ముందు ఏం జరిగింది, ఎవరిని మాట్లాడనివ్వలేదు. సాయంత్రాలు క్యాంపస్‌లో నడక అయ్యాక రాతి అరుగు మీద కూర్చుని, పెన్సిల్ పట్టుకుని.

మంచి సంగతులు దాచను. పాపకు జ్వరం వచ్చిన అధ్యాయం ఆ కష్టం తెలిసినవాళ్లు రాసిందే. నుదుటి మీద తడిగుడ్డ వేస్తూనే ఆ తండ్రి ఆఫీసులో సెలవు ఎలా అడగాలా అనుకుంటాడు, అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వస్తుంది. స్కూల్ మీటింగులో తల్లులందరి మధ్య ఒక్కడే నిలబడి, ఎవరూ జాలిపడకుండా ఫోన్ చూస్తున్నట్టు నటించే చోట నేను పెన్సిల్ పక్కన పెట్టేశాను. ప్రేమకు కూడా తొందర లేదు. సగం పుస్తకం దాకా ఇద్దరూ బస్టాపులో మాట్లాడుకోవడమే.

నాకు రుచించనిది చనిపోయిన భార్య దగ్గర మొదలైంది. ఆమెకు కోపం లేదు, మొండితనం లేదు, భర్తతో ఒక్క గొడవ లేదు. పోతూ పోతూ మళ్లీ పెళ్లి చేసుకోమని చెప్పి మరీ పోయింది. మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు తమ కష్టం చెప్పి, దేవుడు చేసిన మేలు చెప్పి, తమ తప్పు ఒక్కటీ చెప్పకుండా కూర్చుంటే పెద్దవాళ్లు ఆమెన్ అంటారు గాని, మెల్లగా అంటారు. ఈ తండ్రిది అలాంటి సాక్ష్యం.

పాప సంగతి అంతకన్నా అన్యాయం. సండే స్కూల్ పిల్లలతో నా సగం జీవితం గడిచింది. కంఠత వాక్యం అప్పజెప్పే పిల్ల గొంతు వేరు, ఆకలేస్తోందని చెప్పే పిల్ల గొంతు వేరు. ఈ నవల్లో పాప ఎప్పుడు నోరు తెరిచినా పెద్దవాళ్లకు కావలసిన మాటే అప్పజెబుతుంది. ఒక్కసారి అలగదు. ఆ టీచరును ఒక్కసారి వద్దనదు.

"పిల్లను ముంగట వెట్టి పెళ్లి అడుగుతున్నడే నవల్లో ఆయన," అన్నాను చెల్లెలితో. "ఈయన కూడ గంతేనేమో."

"నువ్వు పాస్టరయ్యగారి ప్రసంగాన్నే వదలవు, ఇగ నవలనేం వదుల్తవ్. ఆదివారం వాళ్లను భోజనానికి పిలిచిన. గప్పుడే జవాబు చెప్త."

"ఏమని?"

"సరే అని."

ఆదివారం ఆరాధన అయ్యాక తండ్రీకూతుళ్లు వచ్చారు. "వందనాలు సిస్టర్," అన్నాడాయన. మా ఇంటికి వచ్చిన పిల్లలెవరైనా భోజనానికి ముందు ఒక వాక్యం చెప్పాలి, అది మా అమ్మ కాలం నుంచి ఉన్న పద్ధతి. పాప చేతులు కట్టుకుని, తప్పు లేకుండా చెప్పింది. చెప్పి ఆగలేదు. అదే రాగంలో, అదే ఊపిరిలో, "ఆంటీ వస్తే మా ఇల్లు సంతోషంగ ఉంటది," అంది.

నేను పాపను కాదు, తండ్రిని చూశాను.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అన్నాను.

"నానమ్మ. ఫస్ట్ మర్చిపోతుంటి. ఇప్పుడు వచ్చింది."

ఆయన ముఖం మాడిపోయింది. "నాకు తెల్వదు సిస్టర్," అన్నాడు. నమ్మాలో లేదో తేల్చుకోలేకపోయాను. తెలియదనడం ఎవరికైనా సులువే. ఆయన పాప వైపు తిరిగి, "నానమ్మ చెప్పమన్నది చెప్పినవ్. ఇగ నీకేమన్న చెప్పాలనుంటే చెప్పు. లేకుంటే ఊకో," అన్నాడు.

పాప కాసేపు పప్పన్నం కలుపుతూ కూర్చుంది. తర్వాత చెల్లెలిని అడిగింది.

"నువ్వొస్తే నేనెక్కడ పండుకోవాలె? ఇప్పుడైతే నాన్న పక్కన పండుకుంట."

ఆయన నవ్వేసి మాట మారుస్తాడని చూశాను. పిల్ల నోరు మూయిస్తాడని చూశాను. రెండూ చేయలేదు. ఆయన కూడా జవాబు కోసం చెల్లెలి వైపే చూస్తున్నాడు.

"గది నేను ఆలోచించలే," అంది చెల్లెలు.

"మరి ఆలోచించు," అని పాప పెరుగు అడిగింది.

చేతులు కడుక్కున్నాక చెల్లెలు ఆయనతో అంది, "ఇయ్యాల జవాబు చెప్దామనుకున్న. ఇప్పుడు చెప్ప. ముందు నేను వారాసిగూడ వస్త. మీ ఇల్లు చూస్త, పాపతోని కూసుంట. తర్వాత చెప్త."

"రండి," అన్నాడాయన. "ఏం నేర్పొద్దని అమ్మకు చెప్త."

"నేను కూడ వస్త," అన్నాను. నన్నెవరూ పిలవలేదు.