షిన్ అక్షరపు మూడో పన్ను

హీబ్రూ చదువుకోవడానికి నేను న్యూజెర్సీలో యూనివర్సిటీలో చేరింది డెబ్బైల చివర్లో. గుంటూరు చర్చిలో నాన్న తెలుగులో చదివే కీర్తనలను అసలు భాషలో చదవాలని నా పట్టుదల. మా ప్రొఫెసర్ అరవై దాటిన యూదు మహిళ. చిన్నప్పుడే యూరప్‌లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని ఓడెక్కి వచ్చారు. పాత ప్రార్థన గీతాల రాతప్రతులే ఆవిడ లోకం.

ఆవిడ బల్ల మీద ఎప్పుడూ ఒక ఫొటో ఉండేది. కైరోలోని పాత యూదు మందిరంలో దొరికిన కాగితం ఫొటో అది. కాగితం నిలువునా చిరిగి, కుడి సగమే మిగిలింది. హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి ప్రతి పాదానికీ మొదలుంది, చివర లేదు. ఆ చివరలను ఆవిడ ఊహించి పూరించేవారు, కొట్టేసేవారు, మళ్ళీ పూరించేవారు.

ఒక మధ్యాహ్నం వేరే పని మీద లైబ్రరీలో మైక్రోఫిల్మ్ తిప్పుతున్నాను. ఫిలడెల్ఫియాలోని ఒక రాతప్రతుల సేకరణది. హఠాత్తుగా చెయ్యి ఆగిపోయింది. ఒక ముక్కలో అన్నీ పాదాల చివరలే! షిన్ అనే అక్షరానికి మూడు పళ్ళుంటాయి. మా ఫొటోలో చిరుగు దగ్గర షిన్‌కు రెండే ఉన్నాయి. ఈ ముక్క అంచున ఒక్కటే ఉంది.

మెట్లెక్కి ప్రొఫెసర్ గదికి పరుగెత్తాను. ఆవిడ కిందికొచ్చి తెరకేసి చూసి నా భుజం పట్టుకున్నారు.

"ఇప్పుడే ఏమీ అనకు. ముందు అసలు కాగితం చూడాలి," అన్నారు.

ఆవిడకు డ్రైవింగ్ రాదు, నాకూ రాదు. మా ఆయనకు ఫోన్ చేశాను.

"రేపా? ఆఫీస్‌లో మీటింగ్ ఉందే!" అన్నారు. నా గొంతులో ఆత్రం పసిగట్టి, "సర్లే, పోస్ట్‌పోన్ చేయిస్తా. మీ మేడంని రెడీగా ఉండమను," అన్నారు.

మర్నాడు ఫిలడెల్ఫియాలో అసలు ముక్క పక్కన, అదే కొలతకు తీయించిన మా ఫొటో పెట్టాం. ప్రొఫెసర్ మెల్లగా జరిపారు. చిరుగుకు చిరుగు కుదిరింది. షిన్‌కు మూడు పళ్ళూ వచ్చాయి.

ఆవిడ పైనుంచి చదవడం మొదలుపెట్టి ఒక పాదం దగ్గర ఆగిపోయారు. 'నీ ప్రజల మీద కురిసింది' అన్న మాట తర్వాత ఇన్నేళ్ళూ 'దుఃఖం' అని పూరించుకున్నారు. అక్కడున్న మాట 'వాన'.

"వాన! ఇది వాన కోసం పాడుకున్న పాట! అనవసరంగా వాళ్ళని ఏడిపించాను!" అని పగలబడి నవ్వారు.

లైబ్రేరియన్ గబగబా వచ్చింది, నిశ్శబ్దంగా ఉండమనడానికే. అప్పటికే ప్రొఫెసర్ లేచి నిలబడి, పాట మొత్తం పెద్దగా చదువుతున్నారు. లైబ్రేరియన్ మా ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, చివరి పాదం దాకా విన్నది.