ముడిలో పెన్ను

ఉదయగిరి ఓపెన్ స్కూల్ సెంటర్లో ఏంజెలిన్ టీచర్ జుట్టు విరబోసుకోగా ఎవరూ చూడలేదు. ముడి చుట్టి, అందులో నీలం పెన్ను గుచ్చుకుని, గదంతా తిరుగుతూ పాఠం చెబుతుంది. బడి మానేసినవాళ్లూ, బడి మొహమే చూడనివాళ్లూ ఆమె దగ్గర చదువుతారు. ఎవరు చేరినా మొదటి రోజే తన నోటుబుక్కులో సంతకమో వేలిముద్రో తీసుకుంటుంది. ఆ వేళ తనిఖీకి వచ్చిన అధికారి ఫలితాలు చూసి మొహం చిట్లించాడు.

"పందొమ్మిది మందిలో ఏడుగురేనా పాసయింది? ఇట్టయితే సెంటర్ ఎత్తేస్తారమ్మా. ఈ జైతూన్‌బీ కూడా లెక్కల్లో ఫెయిలేనా?"

చెక్క స్పూన్లు చెక్కి బతికే జైతూన్‌బీ ముందు బెంచీలోనే ఉంది. టీచర్ నోటుబుక్కు తెరిచి మూడేళ్ల కిందటి ఆమె వేలిముద్ర చూపించింది.

"ఫెయిలే సార్. మిగతా నాలుగు సబ్జెక్టులు గట్టెక్కిండాది. యాడనించి బయల్దేరిందో అది కూడా రాసుకోండి."

"దానికి ఫారంలో గడి లేదమ్మా."

ఆయన హాజరు కాగితం జైతూన్‌బీ ముందుకు జరిపి, అలవాటుగా ఇంకు ప్యాడ్ మూత తీశాడు. జైతూన్‌బీ ఆ మూత మెల్లగా మూసేసి, టీచర్ వైపు చెయ్యి చాపింది.

ఏంజెలిన్ టీచర్ ముడిలోంచి పెన్ను లాగి ఇచ్చింది. జుట్టంతా వీపు మీద పడింది.